ఇంటికి ఫైబర్ కనెక్షన్: ముందు రీడింగ్, తర్వాతే సెట్టింగ్స్

ఓఎన్‌టీ (ఇంట్లో ఫైబర్ తగిలించే పెట్టె) మీద పాన్ అని రాసి ఉండే లైటు నిలకడగా వెలిగితే కనెక్షన్ పని అయిపోయిందనుకోవడం మన దగ్గర బాగా అలవాటైపోయింది. ఆ లైటు మైనస్ 18 డీబీఎం దగ్గరా వెలుగుతుంది, మైనస్ 26 దగ్గరా వెలుగుతుంది. డీబీఎం అంటే ఫైబర్‌లో వచ్చే వెలుగు బలం, మైనస్ అంకె పెరిగేకొద్దీ వెలుగు తగ్గినట్టు. మామూలు జీపాన్ (ఇళ్ల ఫైబర్ నెట్‌లో వాడే పద్ధతి) ఓఎన్‌టీ మైనస్ 27 వరకు సిగ్నల్ అందుకుంటుంది కాబట్టి ఆ రోజుకి రెండు ఇళ్లలోనూ నెట్ వస్తుంది. కానీ మైనస్ 26 ఉన్న ఇంట్లో కనెక్టర్ మీద కాస్త దుమ్ము పడినా, కేబుల్ ఎక్కడైనా ఒత్తుకున్నా ఎర్ర లైటు పడుతుంది. అందుకే ముందు కొలవాలి.

బాక్స్ దగ్గర ఎంత రావాలి

పవర్ మీటర్‌ని (వెలుగు బలం కొలిచేది) 1490 నానోమీటర్లకు పెట్టండి. ఓఎల్‌టీ (ప్రొవైడర్ ఆఫీసు వైపు ఉండే యంత్రం) నుంచి ఇంటి వైపు వచ్చే వెలుగు ఆ తరంగదైర్ఘ్యంలోనే ఉంటుంది. ఇంటి నుంచి వెనక్కి వెళ్లేది 1310. మీటర్ 1310 మీదో 1550 మీదో ఉండిపోతే అంకె తప్పుగా చూపిస్తుంది.

స్తంభం మీది బాక్స్‌లో మీకిచ్చిన స్ప్లిటర్ (ఒక ఫైబర్ వెలుగును చాలా ఇళ్లకు పంచేది) పోర్టు దగ్గర రీడింగ్ తీసే ముందే ఎంత రావాలో లెక్క వేసుకోండి. ఓఎల్‌టీ ప్లస్ 3 డీబీఎం ఇస్తోందనుకుందాం. దారిలో 1:4 స్ప్లిటర్ దాదాపు 7.3 డీబీ (వెలుగు నష్టానికి కొలత), 1:8 స్ప్లిటర్ 10.5 డీబీ తినేస్తాయి. 4 కిలోమీటర్ల ఫైబర్‌కి, కిలోమీటరుకి 0.35 చొప్పున, 1.4 డీబీ. కనెక్టర్లు, జాయింట్లు కలిపి ఇంకో 1.5. అంటే బాక్స్ దగ్గర మైనస్ 17, 18 మధ్య కనిపించాలి. మైనస్ 24 కనిపిస్తే తేడా మెయిన్ లైన్‌లోనే ఉంది, ఇంటి వైపు ఎంత కష్టపడినా బాగుపడదు. ఇక్కడే ఆగి లైన్ చూసేవాళ్లకి చెప్పండి. ప్రతి 3 డీబీకి వెలుగు సగమైపోతుంది కాబట్టి 6 డీబీ తగ్గిందంటే నాలుగో వంతే మిగిలిందని అర్థం.

మైనస్ 8 కన్నా బలంగా వచ్చినా ఇబ్బందే. ఓఎల్‌టీకి మరీ దగ్గరగా, తక్కువ స్ప్లిట్ ఉన్న చోట ఇలా జరుగుతుంది. అప్పుడు వెలుగును తగ్గించే అటెన్యుయేటర్ వేయాలి.

డ్రాప్ కేబుల్ లాగడం

స్తంభం బాక్స్ నుంచి ఇంటి దాకా బయట లాగే డ్రాప్ కేబుల్‌కి పక్కనే ఒక ఉక్కు తీగ ఉంటుంది. బరువు మొత్తం దాని మీదే పడాలి. స్తంభం దగ్గరా, గోడ దగ్గరా ఆ తీగను కేబుల్ నుంచి చీల్చి కొక్కేనికి కట్టండి, ఫైబర్ ఉన్న భాగాన్ని వదులుగా వదిలేయండి. తీగను ఇంట్లోకి తీసుకురావద్దు. కరెంటు తీగలకు ఆనుకుని, వాటి మీదుగా లాగనే వద్దు. అది ఉక్కు, కరెంటు పారుతుంది.

గోడకి రంధ్రం వేసేటప్పుడు బయటి వైపు కిందికి వాలుగా వేయండి. రంధ్రం ముందు కేబుల్‌ని కిందికి ఒక వంపు తిప్పి పైకి తెస్తే వాన నీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి, లోపలికి రావు. కోతులు తిరిగే ఊళ్లలో పిట్టగోడ మీద కేబుల్ వేలాడకుండా గోడ వెంబడి క్లిప్పులు కొట్టండి. క్లిప్పు మేకు కేబుల్‌ని నొక్కకూడదు.

మూలల దగ్గర వంపు ముఖ్యం. జీ.657ఏ2 రకం ఫైబర్ 7.5 మిల్లీమీటర్ల వ్యాసార్థం వరకు వంగుతుంది, ఏ1 రకం 10 వరకు. పాత జీ.652డీ అయితే 30 మిల్లీమీటర్ల కన్నా తగ్గించొద్దు. తలుపు సందులోంచి లాగితే ఏ రకమైనా నలుగుతుంది.

జాయింటు, కనెక్టర్

స్ప్లైసింగ్ మెషీన్ (రెండు ఫైబర్ కొసల్ని కరిగించి అతికేది) ఉంటే ఫాస్ట్ కనెక్టర్ (మెషీన్ లేకుండా చేత్తో బిగించేది) జోలికి పోకపోవడమే మంచిది. మంచి స్ప్లైస్‌లో పోయేది 0.1 డీబీ లోపే. ఫాస్ట్ కనెక్టర్‌లో 0.5 దాకా పోవచ్చు, ఎండకీ వానకీ అది ఇంకా పెరుగుతుంది.

ముందు జాయింటును కాపాడే 60 మిల్లీమీటర్ల స్లీవ్‌ని ఒక వైపు ఫైబర్‌కి తొడగండి. ఇది మర్చిపోతే జాయింటు తెంపి మళ్లీ మొదలుపెట్టాలి. తర్వాత 250 మైక్రాన్ల పూత తీసి, 125 మైక్రాన్ల గాజును ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన టిష్యూతో కీచుమనే దాకా తుడవండి. క్లీవర్‌తో (ఫైబర్ కోసే పరికరం) కోశాక ఆ గాజును దేనికీ తగలనివ్వొద్దు, మళ్లీ తుడవొద్దు. తెగిన ముక్కల్ని మూత ఉన్న డబ్బాలోనే వేయాలి. కంటికి సరిగా కనబడవు, పిల్లలు తిరిగే ఇంట్లో నేల మీద పడితే అరికాల్లో దిగుతాయి.

పచ్చ కనెక్టర్ కొస 8 డిగ్రీల ఏటవాలుగా ఉంటుంది, నీలంది ఏటవాలుగా ఉండదు. రెండూ ఒకదానిలో ఒకటి చక్కగా దూరతాయి, క్లిక్కుమంటాయి కూడా. కానీ మధ్యలో గాలి ఖాళీ మిగిలి సిగ్నల్ బాగా పడిపోతుంది, కొసలూ పాడవుతాయి. పచ్చకి పచ్చే పెట్టండి. పెట్టే ప్రతిసారీ క్లీనర్‌తో ఒకసారి తుడవండి. కనెక్టర్ కొసలోకి కన్ను పెట్టి చూడొద్దు. ఆ వెలుగు కనబడదు, కంటికి హాని చేస్తుంది.

ఇంట్లో రీడింగ్

ఇప్పుడు ఇంట్లోని కొస దగ్గర అదే మీటర్‌తో కొలవండి. 100 మీటర్ల డ్రాప్ ఫైబర్ తినేది 0.04 డీబీ కూడా ఉండదు. కాబట్టి రెండు రీడింగ్‌ల మధ్య తేడా అంతా కనెక్టర్, జాయింటు, వంపులదే. 1 డీబీ లోపు ఉంటే సరే. దాటితే ముందు కనెక్టర్ తుడిచి చూడండి. అయినా తగ్గకపోతే డ్రాప్‌ని బాక్స్ నుంచి విడదీసి ఇంటి వైపు నుంచి ఎర్ర లేజర్ పెన్ వేయండి, ఎక్కడ నలిగిందో అక్కడ ఎర్రగా కారుతుంది. లైట్ సోర్స్ కూడా ఉంటే 1310లోనూ 1550లోనూ కొలవండి. 1550లో నష్టం బాగా ఎక్కువైతే అది వంపు. రెండింట్లోనూ దాదాపు సమానంగా ఉంటే కనెక్టరో జాయింటో.

ఓఎన్‌టీ సెట్టింగ్స్

రీడింగ్ మైనస్ 15కీ 25కీ మధ్య ఉంటే ఓఎన్‌టీ తగిలించి, అడుగున ఉన్న 12 అక్షరాల సీరియల్ నంబరును ఆఫీసులో రిజిస్టర్ చేయించండి. సున్నాకీ ఓ అక్షరానికీ తేడా చూసి చదవండి.

లాస్ (ఎల్ఓఎస్) అని రాసి ఉండే ఎర్ర లైటు మెరిస్తే వెలుగే రావడం లేదు. పాన్ లైటు ఆగకుండా మెరుస్తుంటే వెలుగు వస్తోంది కానీ ఓఎల్‌టీ ఒప్పుకోవడం లేదు, సీరియల్ సరిచూడండి. పాన్ నిలకడగా ఉండీ నెట్ రాకపోతే ఇక ఫైబర్ ముట్టుకోకండి. వీల్యాన్ నంబరో (ప్రొవైడర్ నెట్ ట్రాఫిక్‌కి పెట్టే గుర్తు), పీపీపీఓఈ (నెట్‌కి లాగిన్ అయ్యే పద్ధతి) యూజర్‌నేమో తప్పు. వీల్యాన్ నంబరు ప్రొవైడర్ ఇచ్చిందే పెట్టాలి. పీపీపీఓఈ అయితే ఎంటీయూ (ఒక్కో ప్యాకెట్ గరిష్ఠ సైజు) 1492. 1500 పెడితే కొన్ని సైట్లు తెరుచుకుని కొన్ని తిరుగుతూనే ఉంటాయి. సొంత రౌటర్ వాడేవాళ్లకి ఓఎన్‌టీని బ్రిడ్జ్ మోడ్‌లో (లాగిన్ చేయకుండా సిగ్నల్‌ని రౌటర్‌కి దాటించేలా) పెట్టి లాగిన్ రౌటర్‌లో మాత్రమే ఇవ్వండి. రెండింట్లోనూ ఇస్తే ఒకటి లాగిన్ అయినప్పుడు ఇంకోటి తెగిపోవచ్చు.

అడ్మిన్ పాస్‌వర్డ్ అప్పుడే మార్చండి. వైఫైలో 2.4 గిగాహెర్ట్జ్‌కి 20 మెగాహెర్ట్జ్ వెడల్పు, 1, 6, 11 ఛానళ్లలో ఖాళీగా ఉన్నది చాలు. స్పీడ్ మాత్రం కేబుల్ మీదే చూడండి. 300 ఎంబీపీఎస్ ప్లాన్ 94 దగ్గర ఆగిపోతే ల్యాన్ కేబుల్‌లో ఏదో జత సరిగా అందలేదు. గిగాబిట్‌కి నాలుగు జతలూ కావాలి. రెండు చివర్లూ మళ్లీ క్రింప్ చేయండి.

వెళ్లేముందు బాక్స్ రీడింగ్, ఇంటి రీడింగ్, తేదీ ఒక స్టిక్కర్ మీద రాసి ఓఎన్‌టీ అడుగున అంటించండి. తర్వాత ఫిర్యాదుకి ఎవరు వచ్చినా ఆ అంకెతో పోల్చుకుని, స్తంభం ఎక్కాలో లేదో ఇంట్లోనే తేల్చుకోవచ్చు.