చేతి ఆయుధాలు తెలుసుకుందాం – 3వ పాఠం: తూటా పేరు చదవడం

గత రెండు పాఠాల్లో తుపాకీ భాగాలు, అది పేలే క్రమం చూశాం. ఈసారి తూటా పేరు చదవడం నేర్చుకుందాం. హన్మకొండలో పొద్దున ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో పరుగు తీసి, ఆపైన లైబ్రరీలో కూర్చునే పిల్లలు చాలామంది తుపాకుల పేర్లు, దేశాలు బట్టీ పడుతున్నారు. పరీక్షకు అది సరిపోవచ్చేమో గానీ, ఆ తుపాకీ అలా ఎందుకుందో అర్థం కాదు. ముందు తూటాను చూడండి.

5.56×45 అన్నప్పుడు మొదటి అంకె బుల్లెట్ వ్యాసం, సుమారుగా. రెండోది మందు నింపే ఇత్తడి కేసు పొడవు. రెండూ మిల్లీమీటర్లే. రెండో అంకెను మొత్తం తూటా (బుల్లెట్, కేసు కలిపి) పొడవు అనుకోవద్దు.

ఎన్‌సీసీలో పాయింట్ టూటూ రైఫిల్ పట్టినవాళ్లకు ఇది తేలిగ్గా ఎక్కుతుంది. అక్కడ 0.22 అంటే అంగుళాల్లో, మిల్లీమీటర్లలో 5.6. అంటే 5.56×45 తూటా వాడే మన దేశపు రైఫిల్ ఇన్సాస్ బుల్లెట్‌కు, దానికి లావులో పెద్ద తేడా లేదు. కానీ టూటూ కేసు పొడవు 16 మిల్లీమీటర్లకు లోపే, ఇన్సాస్‌ది 45. మందు అంత ఎక్కువ పడుతుంది కాబట్టే శక్తి పది రెట్లు దాటుతుంది.

ఇప్పుడు చిన్న ఆయుధాల సంగతి. 9×19 తూటా 1900ల తొలినాళ్ల నుంచి పిస్టళ్లలో, కార్బైన్లలో (పొట్టి తుపాకుల్లో) ఉంది. బుల్లెట్ ప్రూఫ్ జాకెట్లు పెరిగాక అది చాలలేదు. అందుకే నాటో దేశాలు కొత్త తూటా కోరాయి. బెల్జియం తుపాకీ పీ90కి 5.7×28, జర్మనీ తుపాకీ ఎంపీ7కి 4.6×30 అలా వచ్చినవే.

లెక్క వేద్దాం. శక్తి అంటే బరువులో సగాన్ని వేగం వర్గంతో గుణించడం. 9 మిల్లీమీటర్ల బుల్లెట్ 8 గ్రాములు, వేగం సెకనుకు 360 మీటర్లు: సుమారు 518 జౌళ్లు. 5.7 బుల్లెట్ 2 గ్రాములే, వేగం 715: సుమారు 511. దాదాపు సమానం! కానీ ఆ శక్తంతా రెండున్నర రెట్లు తక్కువ వైశాల్యం మీద పడుతుంది. జాకెట్‌ను దాటడంలో కీలకం ఇదే. అయితే తేలిక బుల్లెట్ గాలిలో వేగం త్వరగా కోల్పోతుంది. 200 మీటర్లు దాటాక రైఫిలే మేలు.

పీ90 నిర్మాణం నాకు చాలా ఇష్టం. పొడవు అర మీటరు, అందులో బ్యారెల్ 26 సెంటీమీటర్లు. యంత్రభాగం ట్రిగ్గర్ వెనక్కి, భుజానికి ఆనించే బట్‌లోకి వెళ్లింది కాబట్టే అది సాధ్యమైంది. 50 తూటాల మ్యాగజైన్ తుపాకీ పైన పడుకుని ఉంటుంది. తూటాలు బ్యారెల్‌కు అడ్డంగా ఉంటాయి. మ్యాగజైన్ చివరికొచ్చాక ఒక్కో తూటా 90 డిగ్రీలు తిరిగి ముందుకు చూస్తుంది. ఖాళీ కేసు కిందికి రాలుతుంది.

మన డీఆర్‌డీఓ కార్బైన్ జేవీపీసీ తూటా 5.56×30. ఇన్సాస్ తూటా వ్యాసమే, కేసు మాత్రం పొట్టి. మందు తక్కువ కాబట్టి వెనక్కి తన్నడం తక్కువ. తూటా పొట్టిది కాబట్టి మ్యాగజైన్ పిడిలోనే ఇమిడింది.

అభ్యాసం: ఏకే-47 తూటా 7.62×39, బుల్లెట్ 7.9 గ్రాములు, వేగం 715. ఎస్‌ఎల్‌ఆర్ (సెల్ఫ్ లోడింగ్ రైఫిల్) తూటా 7.62×51, బుల్లెట్ 9.5 గ్రాములు, వేగం 840. రెండింటి శక్తి కట్టండి. సుమారు 2,020, 3,350 జౌళ్లు రావాలి. రాకపోతే గ్రాములను కిలోల్లోకి మార్చారో లేదో చూసుకోండి.