గుర్రంలా తింటావన్నారని అన్నం మానేస్తారా?

ఇంగ్లండుకు కొత్తగా వచ్చి మా ఇంట్లో దిగిన ఖమ్మం తమ్ముడు మూడు రోజులుగా లంచ్ బాక్స్ నిండుగానే వెనక్కి తెస్తున్నాడు. నాలుగో రోజు నిలదీస్తే చెప్పాడు. పార్ట్‌టైమ్ పనిలో తోటి ఇంగ్లీషాయన ఇతని డబ్బా చూసి "యూ ఈట్ లైక్ ఎ హార్స్" అన్నాడట. పశువుతో పోల్చాడని వీడికి మనసు చివుక్కుమంది. అప్పట్నుంచి వాళ్ల ముందు బిస్కెట్లతోనే సరిపెడుతున్నాడు.

ఇక్కడికి కొత్తగా వచ్చే మనవాళ్లకు సిమ్ కార్డు, బ్యాంకు ఖాతా గురించి చెప్పేవాళ్లు బోలెడుమంది. నేను తిండి గురించే చెప్తాను.

ఇంగ్లండులో ఆ మాటకు 'బాగా తింటావు' అనే అర్థం. భీముణ్ణి మనం వృకోదరుడు, అంటే తోడేలు పొట్టవాడు అనమూ? అరటన్ను బరువున్న గుర్రం రోజుకు 10 కిలోల దాకా ఎండుగడ్డి మేస్తుంది. "ఐ కుడ్ ఈట్ ఎ హార్స్" అంటే ఆకలి నకనకలాడుతోందని. గుర్రం మాంసం తినడం ఇక్కడ అలవాటు లేదు. 2013లో బీఫ్ పేరుతో అమ్మిన వాటిలో అది బయటపడితే పెద్ద గగ్గోలే అయింది. "లైక్ ఎ పిగ్" అంటే మాత్రం అది మంచి మాట కాదు.

నా అసలు బాధ మన మొహమాటం. మన దగ్గర వద్దన్నా అత్తయ్య ఇంకో గరిటె వేస్తుంది. ఇక్కడ ఒక్కసారే అడుగుతారు. వచ్చిన కొత్తలో ఒకరింటికి భోజనానికి వెళ్లి "నో, థాంక్స్" అన్నాను. గిన్నె నా ముందు నుంచే పక్కకు వెళ్లిపోయింది. నా ప్లేటులో రెండు బంగాళాదుంప ముక్కలు. ఆ రోజు ఆదివారం. ఇక్కడ పెద్ద షాపులు ఆదివారం ఆరు గంటలే తెరిచి ఉంటాయి, అదీ సాయంత్రం ఆరులోపే. చిన్న కొట్లు ఉంటాయని నాకప్పుడు తెలీదు. మంచినీళ్లు తాగి పడుకున్నాను. అమ్మ ఫోన్ చేసి "తిన్నావా నాన్నా" అంటే తిన్నానన్నాను.

కావాలంటే మొదటిసారే "యస్ ప్లీజ్" అనండి. ఎన్నిసార్లు చెప్పాలి మీకు? డబ్బాలో పప్పన్నం పెట్టుకుని పస్తుండటమేంటి? శనివారమే బియ్యం, గుడ్లు తెచ్చి పెట్టుకోండి.

సరే, నెలా రెండు నెలల్లో అన్నీ అలవాటవుతాయిలెండి. మా తమ్ముడు నిన్న డబ్బా ఖాళీగా తెచ్చాడు. ఆ మాటేంటని ఆయన్నే అడిగాడట. ఆయన ఫోనులో తన కొడుకు ఫొటో చూపించి, "వీడూ అంతే, హార్స్" అన్నాడట మురిపెంగా.