ఇంట్లోనే ఫొటో ప్రింట్ – 3వ పాఠం: ట్రేలో ఏ పేపర్ ఉందో ప్రింటర్‌కు చెప్పాలి

పోయిన పాఠంలో పిక్సెళ్ల లెక్క చూశాం కదా, 4×6 అంగుళాల ప్రింట్‌కు 1200×1800 పిక్సెళ్లుంటే చాలని. ఈ పాఠానికి బోనాల ఫొటో ఒకటి తీసిపెట్టుకోండి, హైదరాబాద్‌లో ఎవరి ఫోన్ చూసినా ఒకటైనా దొరుకుతుంది: పసుపు కుంకుమలు పెట్టిన కుండ, చుట్టూ వేపమండలు, పైన దీపం, ఆ కుండ నెత్తినెత్తుకున్న అమ్మో వదినో. ఎర్ర చీర, పసుపు, నల్లటి జుట్టు, ఒంటి రంగు అన్నీ ఒక్క ఫొటోలోనే ఉంటాయి కాబట్టి సెట్టింగ్ ఎక్కడ తేడా కొట్టినా వెంటనే తెలిసిపోతుంది. వాట్సాప్‌లో మామూలుగా వచ్చిన కాపీ మాత్రం వద్దు. తీసినవాళ్లను అడిగి డాక్యుమెంట్‌గా పంపమనండి, ఫైలు కుదించుకుపోకుండా వస్తుంది.

ట్రేలో మీరు ఏ కాగితం పెట్టారో ఇళ్లల్లో వాడే ఇంక్‌జెట్ ప్రింటర్లలో చాలావాటికి తెలియదు. మీరు ఏది చెబితే అదే ఉందనుకుని పనిచేస్తాయి. ఆ చెప్పే చోటే 'పేపర్ టైప్', కొన్నింట్లో 'మీడియా టైప్' అని ఉంటుంది. ప్రింట్ కొట్టే ముందు ప్రింటర్ ప్రాపర్టీస్‌లోకి వెళ్లి చూడండి, మామూలుగా అక్కడ 'ప్లెయిన్ పేపర్' అని ఉంటుంది, మనం దాన్ని ముట్టుకోకుండా ఖరీదైన గ్లాసీ పేపర్ పెట్టి ప్రింట్ కొట్టేసి, రంగులు రాలేదని ప్రింటర్‌ను తిట్టుకుంటాం. ఈ ఒక్క సెట్టింగ్ సరిచేసుకుంటే సగం సమస్యలు పోతాయని నా గట్టి నమ్మకం.

ఎందుకంటే ఇంకు ఎంత వదలాలి, చుక్కలు ఎంత సన్నగా వేయాలి, ఏ రంగును ఏ పాళ్లలో కలపాలి, అన్నీ ఆ మాటను బట్టే నడుస్తాయి. ఇంకో సంగతి, చాలా ఇంక్‌ట్యాంక్ ప్రింటర్లలో నలుపు ఒక్కటి పిగ్మెంట్ ఇంకు (సన్నటి రంగు పొడి కలిపినది), మిగతా మూడు రంగులు డై ఇంకు (రంగు పూర్తిగా కరిగిపోయినది). పిగ్మెంట్ నలుపు జిరాక్స్ కాగితం మీద అక్షరాలకు బ్రహ్మాండంగా ఉంటుంది కానీ గ్లాసీ పూత మీద పట్టదు. ఫొటో పేపర్ అని చెబితే ఇలాంటి ప్రింటర్లు ఆ నలుపును పక్కనపెట్టి, మూడు రంగులు కలిపి నలుపు తెస్తాయి. ప్లెయిన్ అని వదిలేస్తే పిగ్మెంటే వేస్తాయి. మీ బోనం ఫొటోను గ్లాసీ పేపర్ మీద ప్లెయిన్ సెట్టింగ్‌తో ఒకటి తీసి, కాసేపు ఆరనిచ్చి, జుట్టు ఉన్నచోట బొటనవేలితో మెల్లగా రుద్దండి. అలాంటి ప్రింటరైతే వేలికి నల్లగా అంటుకుంటుంది, పక్కనే ఉన్న చీర ఎరుపు మాత్రం కదలదు. తిరగేసి చేసినా నష్టమే, మామూలు కాగితం పెట్టి గ్లాసీ అని చెబితే ఇంకు ఎక్కువై కాగితం తడిసి ముడుచుకుపోతుంది.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ సామాన్ల షాపులుండే సీటీసీకి వెళ్లి పేపర్ కొన్నారనుకోండి, ఆ ప్యాకెట్ మీది పేరు మీ ప్రింటర్ లిస్టులో కనిపించకపోవచ్చు. టెన్షన్ అక్కర్లేదు. కంపెనీ పేరునో, కాగితం బరువు చెప్పే జీఎస్ఎమ్ అంకెనో చూసి ఎంచుకోకండి, పైపూత ఎలా ఉందో చూడండి. అద్దంలా మెరిస్తే గ్లాసీ, మెరుపు లేకపోతే మ్యాట్. గ్లాసీలోనే ప్రీమియం, అల్ట్రా అంటూ రెండు మూడు రకాలుంటే మామూలు గ్లాసీతో మొదలుపెట్టండి, చవక పేపర్ ఎక్కువ ఇంకును తాగలేదు, ముదురు రంగులున్నచోట మడుగు కట్టినట్టవుతుంది. ఏ వైపు ప్రింట్ పడాలో తెలియకపోతే వేలు కొద్దిగా తడి చేసి ఓ మూల తాకి చూడండి, జిగటగా అనిపించేదే పూత ఉన్న వైపు.

పేపర్ సైజు 4×6 అని మార్చడం, క్వాలిటీ 'హై'లో పెట్టడం మీకు తెలిసినవే.

'బార్డర్‌లెస్' దగ్గర మాత్రం కాస్త ఆగండి. ఫోన్ ఫొటో మామూలుగా 4:3 కొలతలో ఉంటుంది, 4×6 కాగితమేమో 3:2. అంచుదాకా నింపాలంటే కొంత కత్తిరించక తప్పదు, అడ్డంగా తీసిన ఫొటోలో ఎత్తులో తొమ్మిదో వంతు పోతుంది, అంటే సరిగ్గా బోనం మీది దీపమే ఎగిరిపోవచ్చు. పైగా అంచుల్లో తెల్లగీత రాకుండా ప్రింటర్ బొమ్మను ఇంకాస్త పెద్దది చేస్తుంది. అందుకే ఫోన్‌లోనే 3:2కి మీరే క్రాప్ చేసుకోండి, దీపం పైన కొద్దిగా జాగా వదలండి. ఏదీ పోకూడదంటే 'ఫిట్' పెట్టి, రెండు పక్కలా తెల్లపట్టీలు ఉండనివ్వండి, నాకైతే అదే ఇష్టం, ఆల్బమ్‌లో పెట్టినప్పుడు పట్టుకోవడానికి అంచు ఉంటుంది.

ప్రింట్ రాగానే ఒకదానిమీద ఒకటి పేర్చకండి. వానాకాలంలో గాలిలో తేమ ఉంటుంది, ఆరడం ఆలస్యమవుతుంది, విడివిడిగా పరచి ఒక రోజు వదిలేశాకే ఫ్రేములో పెట్టండి, లేకపోతే అద్దానికి అతుక్కుంటుంది. మిగిలిన పేపర్‌ను దాని కవర్లోనే పెట్టి మూసేయండి.

ఇక హోంవర్క్. అదే ఫొటో, అదే గ్లాసీ పేపర్, పేపర్ టైప్ ఒక్కటే మారుస్తూ మూడు ప్రింట్లు తీయండి: ప్లెయిన్, మ్యాట్, గ్లాసీ. వెనకాల పెన్‌తో ఏది ఏదో రాసుకుని, పగటి వెలుతురులో కిటికీ దగ్గర పక్కపక్కన పెట్టి చూడండి. చీర మడతలు ఎందులో కనిపిస్తున్నాయి, ఎందులో ఎర్రటి ముద్దలా కలిసిపోయాయో గమనించండి. స్క్రీన్ మీద వెలిగిపోయే ఫొటో కాగితం మీద చీకటిగా ఎందుకొస్తుందన్నది 4వ పాఠంలో చూద్దాం, ఆ మూడు ప్రింట్లూ అప్పుడు కావాలి, పారేయకండి.