పోకెమాన్ ముక్కలాట, 4వ పాఠం: కట్ట కొనడం, మళ్ళీ

ఈ వారం ఎనర్జీ, అంటే పోకెమాన్ దాడి చెయ్యడానికి కావలసిన ముక్కల గురించి చెప్పాలి. అది వచ్చే వారానికి పోయింది. కిందటి పాఠం చివర్లో "ముందు ఒక రెడీమేడ్ కట్ట కొనేయండి, మిగతాది ఆడుతూ నేర్చుకుందాం" అని ఒక్క ముక్కలో చెప్పి ఊరుకున్నాను. తప్పు నాదే. ఆ మాట పట్టుకుని ఎవరెవరు ఏమేం కొన్నారో విన్నాక ముందుకు వెళ్ళడానికి మనసొప్పలేదు.

బొబ్బిలి నుంచి ఒకాయన ఎలీట్ ట్రైనర్ బాక్స్ కొన్నారు. పెద్ద పెట్టె, మంచి బరువు, పైగా పేరులోనే ట్రైనర్ ఉంది, ఇదే అనుకున్నారు. అందులో ఉండేవి బూస్టర్ ప్యాకెట్లు (ఏవో కొన్ని ముక్కలు మూసి అమ్మేవి), ముక్కలకి తొడిగే స్లీవ్‌లు, పాచికలు, కొన్ని ఎనర్జీ ముక్కలు. ప్యాకెట్లో ఏమొస్తుందో చించేదాకా ఎవరికీ తెలీదు. ఆయనకి లూకారియో అనే పోకెమాన్ వచ్చింది, అది ఏ పోకెమాన్ నుంచి ఎదుగుతుందో ఆ కింది మెట్టు రియోలు రాలేదు. రియోలు లేకుండా లూకారియోని బల్ల మీదకి దించే దారి లేదు, అద్దాల బీరువాలో పెట్టుకుని చూసుకోవడమే. టిన్ డబ్బాల కథా ఇంతే. పెట్టె మీద 60 ముక్కల కట్ట అని రాసి ఉంటేనే కొనండి. లేదంటే మీరు కొన్నది లాటరీ టికెట్టు.

ఇక బంగారం ముక్కలు. దసరా వెళ్ళిన మంగళవారం విజయనగరం సిరిమాను తీర్థానికి మా మేనల్లుడు వచ్చాడు. మూడులాంతర్ల వైపు బొమ్మల అంగట్లో పసుపు పెట్టె ఒకటి కొని, చంకలో పెట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. తెరిస్తే 55 ముక్కలు, అన్నీ బంగారం రంగే. ప్లాస్టిక్కేమో, కలపబోతే చేతిలోంచి జారిపోతున్నాయి. గోరుతో అంచు గీస్తే పూత లేచొచ్చింది. ఒక్క ఎనర్జీ ముక్క లేదు, ఒక్క ట్రైనర్ (ఆటలో సాయపడే ముక్క) లేదు, 55 మందీ మహావీరులే. వాడి సంతోషం చూసి ఆ పూట నేనేం అనలేదు. మీతో మాత్రం అంటాను: అవి నకిలీవి, వాటితో ఆట నడవదు. ఆటకి సరిగ్గా 60 ముక్కలుండాలి, ఒకటి తగ్గకూడదు, ఒకటి ఎక్కువ కాకూడదు.

ఈ రెండూ నాకు కోపం తెప్పించలేదు. తెప్పించింది మూడోది. శ్రీకాకుళం నుంచి ఒక నాన్నగారు నిజంగానే మంచిది కొన్నారు, లీగ్ బ్యాటిల్ డెక్ అనే రెడీమేడ్ కట్ట. విప్పి చూసి, "మాస్టారూ, ఇదేటండీ, ఒకే ముక్క నాలుగుసార్లు ఇచ్చీసేడు, మోసం కదండీ" అన్నారు. అని ఊరుకోలేదు. ఎక్కువైన ముక్కలని పక్కింటి పిల్లాడికిచ్చి, బదులు మెరిసే బొమ్మలు మూడు తెచ్చి కలిపారట. పాలు పితికి, పాలు పారబోసి, తపేలా ఇంటికి తెచ్చుకున్నట్టుంది.

బాబూ, మీరు డబ్బు పెట్టింది ఆ నాలుగేసి ముక్కలకే.

పేకాట అలవాటున్న వాళ్ళకి ఇది తొందరగా ఎక్కదు. రమ్మీలో మీ ముక్కలు మీరు ఎంచుకోరు, పంచింది తీసుకుంటారు. ఇక్కడ కట్ట మొత్తం మీదే, ఏది ఎన్నిసార్లు ఉండాలో ముందే నిర్ణయమైపోతుంది. మామూలు ఎనర్జీ తప్ప ఒకే పేరున్న ముక్క నాలుగుకి మించకూడదని రూలు. అంటే నాలుగు దాకా పెట్టుకోమనే కదా.

ఇప్పుడు లెక్క చూడండి. ఆట మొదట్లో 60లోంచి 7 ముక్కలు చేతికి తీస్తారు. మీకు కావలసిన ముక్క కట్టలో ఒక్కటే ఉంటే, అది ఆ ఏడింట్లో ఉండే అవకాశం 60కి 7, దాదాపు 12 శాతం. రెండుంటే 22. నాలుగుంటే 40. పది ఆటలాడితే నాలుగుసార్లు మొదటి చేతిలోనే ఉంటుందన్నమాట. పక్కింటి పిల్లాడికిచ్చేసింది ఈ 40ని.

ఇంకో దెబ్బ ఉంది. ఆట మొదలయ్యేముందు 6 ముక్కలు మూసి ప్రైజులుగా పక్కన పెడతాం. అరవైలో ఆరు. మీ ఒంటి ముక్క పది ఆటలకి ఒకసారి అక్కడే చిక్కుకుంటుంది. ఎదుటివాడి పోకెమాన్‌ని పడగొట్టి ప్రైజులు గెలుచుకుంటే తప్ప బయటికి రాదు, అది లేకపోతే గెలవడం కష్టం. నాలుగుంటే ఒకటి చిక్కినా మూడు తిరుగుతూ ఉంటాయి. మా వాడు ఇలాగే ఒంటి ముక్క కోసం కట్టంతా వెతికి, లేదని తెలిసి, ముక్కలు బల్ల మీద పడేసి పడుకున్నాడు.

అందుకే నేను పెట్టె ముందువైపు బొమ్మ చూడను. కొనేముందు ఆ కట్ట పేరు కొట్టి నెట్‌లో ముక్కల పట్టిక తీస్తాను. మూడేసి, నాలుగేసి ఎన్ని ఉన్నాయి? ముక్కలు తెచ్చిపెట్టే సపోర్టర్లు ఎన్ని? చేతిలో ఉన్నవి పారేసి ఏడు తీసుకోమనే ప్రొఫెసర్స్ రీసెర్చ్ నాలుగు కనిపిస్తే నాకు సగం నచ్చేసినట్టే. అన్నీ ఒక్కొక్కటిగా ఉంటే పెట్టె ఎంత అందంగా ఉన్నా వదిలేస్తాను.

రకాలు చెప్తాను. బ్యాటిల్ డెక్ చవక, నేర్చుకునే వాళ్ళకి. లీగ్ బ్యాటిల్ డెక్ ఖరీదు ఎక్కువ, పోటీలకి వెళ్ళే వాళ్ళ ఆటకి దగ్గరగా ఉంటుంది, నాలుగేసి ముక్కలు ఎక్కువ కనిపించేది దీన్లోనే. బ్యాటిల్ అకాడమీ అని ఇంకో పెట్టె ఉంది, అందులో బోర్డుతో పాటు మూడు కట్టలొస్తాయి. ఇంట్లో ఇద్దరు పిల్లలుండి, ఎవరికీ ఏమీ తెలియకపోతే నా ఓటు దానికే.

ఒక సంగతి మర్చిపోకండి, మీరు కొనేది ఒక్క కట్ట కాదు. ఎదుటి మనిషి చేతిలో ఉన్నది కూడా చూసుకుని కొనాలి. పాలకొండలో అన్నకి లీగ్ బ్యాటిల్ డెక్, తమ్ముడికి మామూలు బ్యాటిల్ డెక్ కొనిచ్చారట. తమ్ముడు వరసగా ఓడిపోయి ఇప్పుడు క్రికెట్ ఆడుకుంటున్నాడు. ఇద్దరికీ ఒకే తరగతివి కొనండి. అలా కొన్నా పోకెమాన్ రకాలు (లైట్నింగ్, ఫైటింగ్ లాంటివి) చూసుకోండి. 2023లో ఆంఫరోస్ ఈఎక్స్, లూకారియో ఈఎక్స్ బ్యాటిల్ డెక్కులు వచ్చాయి (ఈఎక్స్ అంటే ఎక్కువ బలమున్న పోకెమాన్). తలా ఒకటి తీసుకుందాం అనిపిస్తుంది. ఆంఫరోస్‌ది లైట్నింగ్, దాని బలహీనత ఫైటింగ్. లూకారియో ఫైటింగే. లూకారియో కొట్టిన దెబ్బ ఆంఫరోస్‌కి రెట్టింపు పడుతుంది. పైగా లూకారియోకి రియోలు మీద ఒక్క మెట్టు, ఆంఫరోస్‌కి మరీప్, ఫ్లాఫీ దాటి రెండు మెట్లు. ఆ రెండు కట్టలూ ఇంట్లో ఉంటే ప్రతి ఆటకీ మార్చుకుని ఆడండి.

చారిజార్డ్ అనే పోకెమాన్ గురించి అందరూ అడుగుతున్నారు. 2024లో చారిజార్డ్ ఈఎక్స్ లీగ్ బ్యాటిల్ డెక్ వచ్చింది, కట్ట మంచిదే. నాకు మాత్రం మొదటి కట్టగా రెండు మెట్ల పోకెమాన్ ఇష్టం ఉండదు. దాని మొదటి మెట్టు చార్మాండర్ రావాలి, మధ్య మెట్టు దాటించే రేర్ క్యాండీ రావాలి, చారిజార్డ్ రావాలి, ఈలోపు ఎదుటివాడు రెండు దెబ్బలు కొట్టేస్తాడు. దానికి తోడు ఆ చారిజార్డ్ డార్క్‌నెస్ రకం, దాడికి కావలసినవి ఫైర్ ఎనర్జీలు. పదేళ్ళ పిల్లాడికి ఇది విడమరిచి చెప్పేసరికి నా గొంతు ఎండిపోయింది. ఒక్క మెట్టుతోనో, మెట్లు ఎక్కనక్కరలేని బేసిక్‌తోనో నడిచే కట్ట తీసుకోండి. తర్వాత మీ ఇష్టం.

పోటీలకి వెళ్ళేవాళ్ళు ముక్క కింద ఎడమ మూల చిన్న అక్షరం చూసుకోవాలి. ఎప్పటికప్పుడు పాత అక్షరాలని పోటీల్లోంచి తీసేస్తుంటారు. ఇంట్లో ఆడుకునేవాళ్ళకి దాంతో పని లేదు.

అభ్యాసం. కట్ట ఇంకా కొనని వాళ్ళు కూడా చెయ్యాలి, కొనేసిన వాళ్ళు తప్పకుండా చెయ్యాలి. మామూలు పేక రెండు కట్టలు తీసుకోండి. ఒకదాంట్లో జోకర్లు తీసేస్తే 52, రెండోదాంట్లోంచి ఆసు కాని ముక్కలు 8 కలపండి, అరవై అయ్యింది. బాగా కలిపి 7 తీయండి. ఆసు ఉందా లేదా, రాయండి. మళ్ళీ కలపండి. యాభైసార్లు. తర్వాత మూడు ఆసులు తీసి, బదులు వేరే ముక్కలు పెట్టి, ఇంకో యాభై. ఈసారి ఏడు తీశాక ఇంకో ఆరు మూసి పక్కన పెట్టి, ఆ ఒంటి ఆసు అక్కడ ఎన్నిసార్లు పడిందో కూడా రాయండి. ఇంట్లో పెద్దవాళ్ళు పేక చూసి తిడితే ఈ పాఠం చూపించండి, నన్ను తిడతారు.

నాలుగు ఆసులతో 20కి అటూ ఇటూ రావాలి, ఒక్క ఆసుతో 6కి అటూ ఇటూ, ప్రైజుల్లో 5. నాలుగు ఆసులున్నా పదికి లోపే వస్తే మీరు ముక్కలు సరిగ్గా కలపడం లేదు. ఆ కాగితం పారేయకండి, ఎనర్జీ పాఠంలో దాంతో పనుంది. శ్రీకాకుళం నాన్నగారూ, మీరు ముందు పక్కింటికి వెళ్ళి రండి.