పుండు మీద ఆర్నికా రాసి పడ్డ బాధ

పోయిన వానకాలం దేవరకొండ దగ్గర మా బత్తాయి తోటలో గట్టు మీద జారి పడ్డాను. మోకాలు చెక్కుకుపోయింది, పక్కనంతా కమిలి వాచింది. ఇంట్లో ఉన్న ఆర్నికా మదర్ టించర్ (హోమియోలో పలుచన చేయని మూల ద్రావణం) నేరుగా పుండు మీదే పోశాను. భగ్గున మండింది. తెల్లారేసరికి చుట్టూ ఎర్రగా సన్నటి పొక్కులు!

తప్పు నాదే. ఆర్నికా యూరప్ కొండల్లో పూసే పసుపు పువ్వు. అక్కడ తరతరాలుగా కమిలిన దెబ్బలకు పైపూతగా వాడుతున్నారు. చర్మం తెగిన చోట రాయకూడదు. హోమియో 30సీ గోలీల్లో అయితే నూటికి ఒక వంతు చొప్పున 30 సార్లు పలుచన చేస్తారు కాబట్టి మొక్క ఏమీ మిగలదు. టించర్ అలా కాదు, అందులో మొక్క సారమూ ఉంటుంది, ఆల్కహాలూ ఉంటుంది.

సబ్బునీళ్లతో కడిగి, దవాఖానలో టెటనస్ సూది వేయించుకున్నాను. ఆ తర్వాత కాచి చల్లార్చిన నీళ్లలో కాలెండులా టించర్ కొన్ని చుక్కలు కలిపి, శుభ్రమైన గుడ్డతో అద్దుతూ వచ్చాను. (కాలెండులా అంటే మన గుమ్మాలకు కట్టే బంతి కాదు, వేరే మొక్క.) వారంలో చెక్కు కట్టి మానింది.

అమ్మ మాత్రం, "గడ్డిచామంతి పసరు పిండితే అయిపోవు గదా బిడ్డా" అన్నది. బడిలో పలక తుడుచుకున్న ఆకు అదే. ఇప్పుడు ఆర్నికా సీసా మీద కాగితం అంటించాను: "తెగిన చోట వద్దు".