చలికాలం మధ్యధరా తీరంలో టెంట్ వేస్తున్నారా?

జనవరిలో ఫ్రెండ్స్‌తో దక్షిణ ఫ్రాన్స్ నుంచి స్పెయిన్ వైపు కారులో వెళ్తుంటే చలి కంటే ముందు గాలి సంగతి చూసుకోండి. రోన్ నది లోయ దిగువన మిస్ట్రల్, స్పెయిన్ సరిహద్దు వైపున్న పెర్పిన్యా ఊరి దగ్గర ట్రామోంటాన్ అనే గాలులు ఉత్తర వాయవ్యాల నుంచి ఈడ్చి కొడతాయి. ఆకాశం నీలంగా మెరుస్తూనే ఉంటుంది, అది చూసి మోసపోవద్దు. టెంట్ సన్నటి వైపు గాలికి ఎదురుగా, తలుపు అవతలి వైపు ఉండాలి. క్యాంప్‌సైట్‌లో ఇసుక నేలైతే మామూలు మేకులు ఊడొస్తాయి. గుడ్డసంచిలో ఇసుక నింపి, మూతి బిగించి, టెంట్ తాడు దానికే కట్టి మూరెడు లోతున పాతేయండి, గట్టిగా పట్టుకుంటుంది. స్టవ్‌కి వాడే బ్యూటేన్ గ్యాస్ సున్నా డిగ్రీల దగ్గర మొరాయిస్తుంది కాబట్టి ప్రొపేన్ కలిసిన గ్యాస్ డబ్బానే కొనండి. ఎంత చలేసినా టెంట్ లోపల మాత్రం స్టవ్ వెలిగించకండి, దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకి వాసన కూడా ఉండదు. అన్నట్టు, ఫ్రాన్స్ తీరంలో చాలా క్యాంప్‌సైట్లు చలికాలం మూసేస్తారు, బయల్దేరే ముందే ఫోన్ చేసి కనుక్కోండి.