టీఆర్ నంబరుతో ఆగిపోయిన బండ్లు: పార్కింగ్ రికార్డులు ఇలా సరిచేశాను

గచ్చిబౌలిలో మా ఆఫీసు పార్కింగ్ బాధ్యత నాది. గేటు దగ్గర కెమెరా నంబర్ ప్లేటు చదువుతుంది, సాఫ్ట్‌వేర్‌లోని నంబరుతో కలిస్తేనే బారియర్ లేస్తుంది. పొద్దున్నే చాలా బండ్లు అక్కడే ఆగిపోయేవి. వెనక హారన్ల మోత, లాగిన్ టైమ్ దాటిపోతుందని అందరికీ టెన్షన్.

ఆగిన బండ్లను వరసగా చూస్తే ఎక్కువ కొత్తవే. షోరూమ్ నుంచి రాగానే టీఆర్ నంబరు, అంటే తాత్కాలిక రిజిస్ట్రేషన్ నంబరు ఇచ్చి మా దగ్గర నమోదు చేయించుకుంటారు. తర్వాత పర్మినెంట్ నంబరు వస్తుంది, అది మాకు చెప్పాలని ఎవరికీ తట్టదు. అందుకే టీఆర్ నంబర్లన్నిటికీ 'తాత్కాలికం' అని గుర్తు పెట్టి, గడువు తేదీ వేశాను. గడువు దగ్గరపడగానే ఉద్యోగికి మెసేజ్ వెళ్తుంది, ఆర్సీ ఫొటో పంపితే కొత్త నంబరు ఎక్కిస్తాం.

ఇంకో చిక్కు నంబరు మొదట్లో ఉండే టీఎస్, టీజీ అక్షరాలది. తెలంగాణలో 2024 మార్చి 15 నుంచి కొత్త రిజిస్ట్రేషన్లకే టీజీ. పాత టీఎస్ బండ్ల నంబర్లు మారలేదు. అయినా ఎవరో జాబితాలో కొన్నిటిని టీజీగా దిద్దేశారు! వాటిని ఆర్సీలతో పోల్చి వెనక్కి మార్చాం.

అన్నిటికన్నా పనికొచ్చింది, రికార్డును బండి నంబరుతో కాకుండా ఉద్యోగి ఐడీతో ముడిపెట్టడం. బండి అమ్మేస్తే పాత నంబరును చెరిపేయం, తేదీ వేసి ఆపేస్తాం. రేపు బేస్‌మెంట్‌లో ఎవరి కారుకైనా గీత పడితే ఆ వివరాలు కావాలి కదా. ఉద్యోగం మానేసినవాళ్ల పేర్లు హెచ్‌ఆర్ నుంచి ప్రతి శుక్రవారం వస్తాయి, అదే రోజు వాళ్ల పాస్ ఆపేస్తాం.